ముప్పై ఆరుగురి కేసులో నా చేను

పత్రికలో ఆమె పేరు చూసిన రోజు నాకు అన్నం సహించలేదు. అదేమీ పెద్ద వార్త కాదు. వినియోగదారుల కమిషన్ వేయించిన చిన్న ప్రకటన. జిల్లా పేజీలో, ఎవరివో పోయిన మార్కుల మెమోలకూ ఇంకెవరిదో ఇంటి స్థలం అమ్మకానికీ మధ్య ఇరుక్కుని ఉంది. ఫలానా కంపెనీ కంది విత్తనాలు వేసి నష్టపోయిన రైతులందరి తరఫున ఫలానా ఆమె ఫిర్యాదు చేసిందని, అలాంటి నష్టమే జరిగినవాళ్లు ఇంకా ఉంటే వచ్చి చేరవచ్చని, అభ్యంతరం ఉంటే చెప్పవచ్చని అందులో ఉంది. ఆ ఫలానా ఆమె మా పక్క చేను ఆమె. ఆమెకు సంతకం చేయడం తప్ప చదవడం రాదు. ఆ ఫిర్యాదును తెలుగులో మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం వరకు రాసింది నేను. ‘పూత రాని చేను’ అన్న మాట దగ్గర పెన్ను ఆపి కాసేపు ఏడ్చింది కూడా నేనే. పేరు మాత్రం ఆమెది పడింది.

అభ్యంతరం ఉంటే చెప్పవచ్చన్న వాక్యాన్ని మూడుసార్లు చదివాను.

మాది బషీరాబాద్ వైపు ఊరు. నేను తాండూరులో డిగ్రీ చదివి, అక్కడే ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తూ, మిగిలిన పొద్దంతా చేను చూసుకునేదాన్ని. మా ఆయన తాండూరులోనే బండలకు పాలిష్ పట్టే చోట పని చేస్తాడు. ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల దాకా బండ పొడి. మాకు నాలుగెకరాలు. గట్టుకు అవతల ఆమెకు నాలుగెకరాలు. ఆమెది గొర్రెలు కాసే ఇల్లు, మందతో పాటు సేద్యమూ చేస్తారు. నాకంటే పదేళ్లు పెద్దది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది.

ఆమె మీద నా కుళ్లు కేసుతో మొదలు కాలేదు. ఒకే వానకు తడిసిన రెండు చేన్లలో ఆమె కంది నా కంది కంటే జానెడు ఎత్తు ఎందుకు పెరగాలి? నేను చెయ్యి ఊపినా ఆగని బస్సు, ఆమె కనిపిస్తే స్టాపు కాని చోట కూడా ఎందుకు ఆగాలి? ఇక ఆమె గొంతు. చేను ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర మందంతా తలెత్తుతుంది. బడిలో నలభై మంది పిల్లల నోరు మూయించడానికి నేను స్కేలుతో బల్ల మీద కొట్టాలి. కాసేపటికి స్కేలు చప్పుడును కూడా వాళ్లు లెక్క చేయరు. ఇవన్నీ చిన్న విషయాలేనని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మంట ఆరదు.

ఆ ఏడు తొలకరికి ముందు ఇద్దరం ఒకే షేరింగ్ ఆటోలో తాండూరు పోయాం. ఒకే దుకాణంలో, ఒకే కంపెనీ విత్తనాలు కొన్నాం. కవరు మీద ఉన్నదంతా నేనే ఆమెకు చదివి వినిపించాను. గింజ బరువు, కాపు గుత్తులు గుత్తులు, తెగులు తట్టుకుంటుంది. ఆమె తల ఊపుతూ విని, “నువ్వు సదివినంక ఇంకేం ఫికర్” అంది. ఆ మాట నాకు బాగుంది. ఇంటికి వచ్చేదాకా బాగుంది.

మా దగ్గర ఒక అలవాటుంది. విత్తనం వేశాక ఖాళీ కవరును పారేయరు. గట్టు మీద ఒక కర్ర పాతి దానికి తగిలిస్తారు. ఏ చేన్లో ఏ రకం పడిందో దారిన పోయేవాళ్లకు తెలియాలని ఒక సాకు, ఖరీదైన విత్తనం వేశామని చూపించుకోవాలని అసలు సంగతి. నేను కర్ర కూడా కాదు, పొడుగాటి వెదురు బొంగు తెప్పించాను. బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపించాలి కదా. ఆమె గట్టు మీద ఏమీ లేదు. “కవరేదక్కా?” అని అడిగితే, “పనికొస్తదని ఇంట్ల పెట్టిన” అంది. ఖాళీ కవరు దేనికి పనికొస్తుందని లోలోపల నవ్వుకున్నాను.

ఆ రెండు నెలలు నా జీవితంలో సుఖంగా గడిచిన రోజులు. ఎందుకంటే మొదటిసారి నా కంది ఆమె కందిని మించింది. మనిషి లోపలికి పోతే తల కనిపించనంత ఏపుగా పెరిగింది. ఊరంతటిలో అంత ఎత్తు చేను లేదు. పొద్దున బడికి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి గట్టు మీద నిలబడి ఇటు చూసి అటు చూసేదాన్ని. ఆమె కూడా చూసి, “మస్తు పెరిగింది టీచరమ్మా, దిష్టి తాకుతది” అంది. తాకితే నీదే తాకాలి అనుకున్నాను.

తర్వాత పక్క ఊళ్ల చేన్లన్నీ పసుపు పూతతో నిండిపోయాయి. మావి మాత్రం పచ్చగానే ఉండిపోయాయి. వారం చూశాం, రెండు వారాలు చూశాం. కొమ్మ వంచి చూస్తే ఆకు వెనక ఆకే తప్ప మొగ్గ లేదు. ఆ దుకాణంలో ఆ విత్తనాలు కొన్న ముప్పై ఆరుగురి చేన్లూ అంతే. పూత రాని చేన్లో నిలబడితే ఒక రకమైన నిశ్శబ్దం ఉంటుంది. తేనెటీగలు రావు. ఆ ఏడు కంది మీదే మా బాగోగులన్నీ ఆధారపడి ఉన్నాయి. నా చేను ఊళ్లో అందరికంటే ఎత్తుగా, అందరికంటే పచ్చగా, ఒక్క కాయ లేకుండా నిలబడి ఉంది.

తాండూరులో ఒక వకీలు సారు ఉన్నాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన మాట. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. అందరం ఆయన గదిలోనూ గది బయట మెట్ల మీదా కూర్చున్నాం. ఆయన చెప్పింది ఇది. “ఒక్కొక్కరు యేస్తె ఒక్కొక్కరే తిరిగి తిరిగి యాష్టకొచ్చి ఇడ్సిపెడ్తరు. కంపెనీకి గదే కావాలె. అందరి తరఫున ఒకరు నిలబడి, ఒకటే కేసు ఎయ్యనీకె కానూన్ల దారి ఉన్నది. కమిషన్ ఇజాజత్, అంటె అనుమతి, ఇయ్యాలె, అంతే. మరి కవర్లు ఏవి? లాట్ నంబరు కావాలె, గది ఉంటెనే ఏ విత్తనమో రుజువైతది.”

దుకాణం బిల్లు మీద లాట్ నంబరు లేదు. అది కవరు మీదే ఉంటుంది. అందరూ సంచుల్లోంచి కవర్లు తీశారు. నేనూ నా బొంగు మీది కవరు ఊడదీసి తెచ్చి, ఆయన బల్ల మీద పరిచాను. ఎండకూ వానకూ ఆ కవర్లన్నీ తెల్లగా వెలిసిపోయాయి. కంది గుత్తి బొమ్మ లేదు, కంపెనీ పేరు లేదు, నంబరు అసలే లేదు. ముప్పై అయిదు తెల్ల కవర్లు. అందరం మా గొప్ప చూపించుకోవడానికి మా సాక్ష్యాన్ని మేమే ఎండబెట్టుకున్నాం. చేను చూడటానికి వచ్చేవాళ్లకు గుర్తుగా ఉంటుందని, మళ్లీ పాత చోటే కట్టమని నా కవరును తిరిగిచ్చేశాడు సారు. బొంగుకే కట్టాను.

అప్పుడు ఆమె కొంగు ముడి విప్పి ఒక కట్ట తీసింది. రేషన్ కార్డూ పట్టా పుస్తకమూ వానకు తడవకుండా ఆ విత్తనాల కవరులో చుట్టి పెట్టుకుంది. కవరు కొత్తగా మెరుస్తోంది. లాట్ నంబరు అద్దంలో చూసినట్టు కనిపిస్తోంది. వకీలు సారు కళ్లద్దాలు సర్దుకుని, “మొదటి ఫిర్యాది మీరేనమ్మా” అన్నాడు. ఆమె, “నాకేం తెల్సు సారు, టీచరమ్మ ఉన్నది గద” అంది. “టీచరమ్మ రాస్తది. పేరు మీది” అన్నాడాయన.

నవ్వుతూ ఇంటికి వచ్చాను. లోపల ఏం జరుగుతోందో నాకే తెలుసు. ఆమె కాస్త నోట్లో నాలుక లేని మనిషైనా బాగుండేది, జాలి పడేదాన్ని.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పాలి. వ్యవసాయ శాస్త్రవేత్తలు వచ్చి చేన్లు చూసి నివేదిక రాస్తారని, అప్పటిదాకా ఎవరూ మొక్క ముట్టవద్దని వకీలు సారు గట్టిగా చెప్పాడు. ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. మా దగ్గర పంట అయిపోయిన చేన్లో గొర్రెల మంద కట్టించుకుంటారు. నాలుగు రోజులు మంద అక్కడే మేసి అక్కడే పడుకుంటే నేలకు మంచి ఎరువు. ఆమె తన మందను శాస్త్రవేత్తలు వచ్చి పోయాక ముందు తన చేన్లో, తర్వాత నా చేన్లో కడతానంది. ఎప్పుడూ ముందు ఆమెదే. ఫిర్యాదులో ఆమె ముందు, ఎరువులో కూడా ఆమె ముందు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఈసారి ముందుగాల నా చేన్ల కట్టక్కా” అన్నాను.

“సార్లు సూసినంక కడ్తం టీచరమ్మా.”

“సార్లు ఉగాదికొస్తరో ఎప్పుడొస్తరో. నీ గొర్లు నీ చేన్లకే ముందు పోవాల్నా?”

ఆమె నా మొహం చూసింది. వద్దని ఇంకోసారి అనలేదు. మరునాడు పొద్దునే మందను నా చేన్లోకి తోలింది. నాలుగు రోజుల్లో నా ఎత్తైన చేను మోడులైపోయింది. ఆరో రోజు శాస్త్రవేత్తలు వచ్చారు. ఆమె చేను, ఇంకో రెండు చేన్లు చూసి, లెక్కలు వేసుకుని, ఈ విత్తనంలోనే లోపముందని రాసుకుపోయారు. మచ్చుకు మూడు చేన్లు చాలన్నారు. నా చేను వైపు ఎవరూ రాలేదు. నేనూ పిలవలేదు. వకీలు సారుకు చెప్పలేదు. జాబితాలో ముప్పై ఆరు పేర్లలో నా పేరు అలాగే ఉండిపోయింది.

కేసు నడిచిన మూడేళ్లూ నేను దాన్ని న్యాయం కోసం పోరాటంలా కాక ఆమె ఊరేగింపులా చూశాను. వాయిదాకు తాండూరు స్టేషన్‌లో రైలెక్కి పట్నం పోయేవాళ్లం. అక్కడ చెట్టు కింద కూర్చుని, సాయంత్రానికి ఇంకో తేదీ తెచ్చుకునేవాళ్లం. ఒకసారి కంపెనీ మనిషి వచ్చి, కేసులోంచి తప్పుకున్నవాళ్లకు వచ్చే ఏడు విత్తనాలు ఉచితం అన్నాడు. కొందరు మెత్తబడ్డారు. ఆమె ఒక్కటే మాటంది: “గా ఇత్తునాలే మళ్లొకసారి ఎయ్యాల్నా?” అందరూ పకపకా నవ్వారు. ఒక్కరూ తప్పుకోలేదు. ఆ మాట నాకెందుకు తట్టలేదని వారం రోజులు కుమిలిపోయాను.

టీవీ వాళ్లు వచ్చారు. గొర్రెల మధ్య నిలబెట్టి ఆమెతో మాట్లాడించారు. నేను పక్కన నిలబడి అందించిన కాగితాలు కూడా తెర మీద రాలేదు, చెయ్యి మాత్రం వచ్చింది. పూడూరు నుంచి పత్తి రైతులు ఆమెను వెతుక్కుంటూ వచ్చారు, మాకూ ఇట్లనే మోసం జరిగింది, అందరం కలిసి ఎట్ల వెయ్యాలని. ఆమె వాకిట్లో కూర్చుని చాయ్ తాగి, సలహాలన్నీ విని, చివరికి నా ఇంటికి వచ్చేవాళ్లు. “అక్క పంపింది, అర్జీ రాసిస్తవంట” అనేవాళ్లు. ఆఫీసు బయట చెట్టు కింద కూర్చునే దస్తావేజుల మనిషిని చేసింది నన్ను. రాసిచ్చాను. ఒక్కో అర్జీలో ఆమె మీద కోపమంతా ‘తమరి దయ’ దగ్గర గట్టిగా నొక్కి రాసేదాన్ని.

ఆ రోజుల్లో మా ఆయన ఒకసారి అడిగాడు. “గింతమంది కలిసి యేస్తె మనిషికి వొచ్చేదెంత? తిరుగుడుకే సరిపోతది గద. ఎవరికోసం ఇదంతా?” దానికి జవాబు నాకు ఇప్పుడూ పూర్తిగా తెలియదు. ఒక్కరే వేస్తే కంపెనీ చెవిన పెట్టదు, నిజమే. అందరూ కలిసి వేస్తే పేరొకరిది, కష్టమొకరిది, ఫలితం పంచుకుంటే పిడికెడు. ఆ పేరు నాదై ఉంటే నేను వేరేగా మాట్లాడేదాన్నేమో.

చివరి విచారణ వికారాబాద్‌లో పెట్టారు. ఇంతమంది రైతులు పట్నం రాలేరని, ఒక రోజు అక్కడికే వచ్చి వింటామని కమిషన్ ఒప్పుకుంది. ముప్పై ఆరుగురమూ పోయాం, మా ఆయన కూడా పని మానుకుని వచ్చాడు. పెద్ద హాలు, పైన తిరుగుతున్న ఫ్యాన్లు, వెనక వరసల్లో మేము. బల్ల మీద ఒక ప్లాస్టిక్ సంచిలో ఆమె కవరు, దాని మీద నంబరు చీటీ. నేను ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని పోయాను. ఎవరైనా ఏమైనా అడిగితే చక్కటి పుస్తకాల తెలుగులో చెప్పాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను.

కంపెనీ వకీలు లేచి ఒక పెద్ద ఫొటో చూపించాడు. కంది చేను, అందులో గొర్రెల మంద. కంపెనీ తరఫున తిరిగే మనిషి ఆ ఏడు రోడ్డు మీద నుంచి ఫోన్లో తీశాడట, మంద దిగిన మొదటి పొద్దుటే. ఫొటోలో తేదీ కూడా ఉంది. శాస్త్రవేత్తలు రావడానికి ఐదు రోజుల ముందు. “ఫిర్యాది తన గొర్రెలతో తన చేనును తానే మేపించింది. తనిఖీకి వచ్చినవారు చూసింది మిగిలిన మోడులను. మోడుల్లో పూత ఎలా ఉంటుంది? మొదటి ఫిర్యాది చేనే ఇలాంటిదైతే ఆ నివేదికను ఎలా నమ్మాలి? దాని మీదే కదా ఇంతమంది కేసు నిలబడింది” అన్నాడు.

హాలు అంతా ఆమె వైపు తిరిగింది. కమిషన్ పెద్దాయన అడిగాడు, “ఈ గొర్రెలు మీవేనా అమ్మా?”

వాటి వీపుల మీద ఎర్ర రంగు గుర్తు ఉంది. అది ఆమె మంద గుర్తని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. “అవ్ సారు, నాయే” అంది.

“చేను?”

ఆమె ఫొటో వైపు చాలాసేపు చూసింది. “కంది చేను సారు” అంది. వెనక ఎవరో నవ్వారు. “ఎవరిది?” అని పెద్దాయన మళ్లీ అడిగాడు. “గా ఏడు అన్ని చేన్లు గట్లనే ఉండె సారు” అంది. మా వకీలు సారు గడ్డం పట్టుకుని ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. ఎప్పుడూ తడుముకోని మనిషి తడుముకుంటోంది.

ఫొటో మా వరసల దాకా తిప్పారు. నా చేతికి వచ్చింది. కుడి మూల, గట్టు మీద, పొడుగాటి వెదురు బొంగు. దాని చివర తెల్లటి కవరు. అది నా చేను. మా ఆయనా పోల్చుకున్నాడు. నా మణికట్టు పట్టుకున్నాడు, మాట్లాడకు అన్నట్టు. మాట్లాడితే నా చేను తనిఖీకి ముందే మేపించానని నేనే ఒప్పుకున్నట్టు. జాబితాలోంచి నా పేరు పోతుంది. మూడేళ్ల తిరుగుడూ, రాత అంతా నీళ్ల పాలు. మాట్లాడకపోతే ఆమె అబద్ధాలకోరు అవుతుంది, మిగిలిన అందరి కేసూ పోతుంది.

నిజం చెప్తున్నాను. నేను మాట్లాడకూడదనే అనుకున్నాను. ఆమె తల వంచుకుని నిలబడి ఉంటే, ఎక్కడో లోపల చల్లగా కూడా ఉంది. బస్సు నీ కోసం ఆగింది కదా, ఇప్పుడెవరు ఆగుతారో చూద్దాం అనుకున్నాను. ఇలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

కంపెనీ వకీలు గెలుపు ఊపులో ఉన్నాడు. ఫొటో మళ్లీ పైకెత్తాడు. “ఇంకొక సంగతి. మా విత్తనం చెడ్డదంటున్నారు. చూడండి సార్, ఫిర్యాది చేను ఎంత ఏపుగా ఉందో! గొర్రెలు మునిగిపోయాయి. ఆ ఊళ్లో ఇంత ఎత్తు పెరిగిన చేను ఇంకొకటి లేదని మా మనిషి చెప్తున్నాడు. ఊరందరిలో గొప్ప చేను ఫిర్యాది చేను.”

నేను లేచి నిలబడ్డాను. కూర్చుకున్న పుస్తకాల తెలుగంతా ఏమైపోయిందో.

“గది నా చేను!” అని అరిచాను.

ఆ గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది. హాలు చివర చాయ్ కప్పులు తీస్తున్న మనిషి కూడా ఆగిపోయాడు. కమిషన్ పెద్దాయన నన్ను ముందుకు రమ్మన్నాడు. పోయాను. ఇక నోరు ఆగలేదు. “గా బొంగు నేను పాతిన సారు. గా కవరు నాది. ఆమె చేన్ల బొంగు లేదు, కవరు లేదు. ఆమె కవరు మీ బల్ల మీదనే ఉన్నది, జరంత కూడ ఎలిసిపోలే. ఏడాదంతా పట్టా పుస్తకానికి సుట్టి ఇంట్ల దాసిపెట్టుకున్నది. గట్టు మీద ఎండకు ఎండిన కవరు ఆమెది ఎట్లయితది?”

పెద్దాయన ప్లాస్టిక్ సంచిలోని కవరును, ఫొటోలోని తెల్ల కవరును మార్చి మార్చి చూశాడు. ఫొటో కింద పెట్టి, “మరి మీ చేన్లోకి మీరే తనిఖీకి ముందు మందను పిలిపించుకున్నారా?” అని అడిగాడు.

“పిలిపించుకున్న సారు. ఆమె వొద్దన్నది. నేనే ఇనలే.”

మా వకీలు సారు కళ్లు మూసుకున్నాడు. మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. కంపెనీ వకీలు ఫొటోను ఫైల్లో పెట్టుకున్నాడు.

తిరుగు రైల్లో అందరూ నా చుట్టూ చేరారు. మిర్చి బజ్జీలు కొనిచ్చారు. కిటికీ పక్క సీటు ఖాళీ చేసిచ్చారు. “నీది పోగొట్టుకోని మా అందరిది నిలబెట్టినవ్” అని ఒక పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను. వాళ్లు దాన్ని త్యాగం అనుకున్నారు. నేను కాదనలేదు. మూడేళ్లలో మొదటిసారి ఆమెను ఎవరూ చూడటం లేదు, నన్నే చూస్తున్నారు. ఆమె మాత్రం తలుపు దగ్గర గాలికి నిలబడి, నా వైపు చూసి ఒకసారి నవ్వి, బయటికి చూస్తూ ఉండిపోయింది.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. నన్ను తీసేయగా మిగిలిన ముప్పై అయిదుగురికి నష్టంలో కొంత భాగం ఇవ్వాలి. ఆ లాట్ విత్తనాలు ఎక్కడ మిగిలి ఉన్నా వెనక్కి తీసుకోవాలి. కవరు మీద లాట్ నంబరు చెరిగిపోని అచ్చులో వేయాలి, దుకాణం బిల్లు మీద కూడా అది రాయాలి. వచ్చిన భాగం చూసి చాలామంది పెదవి విరిచారు. పోయిన పంటకు అది సరితూగదు. కానీ మొన్న తాండూరులో ఆ దుకాణం ముందు నిలబడ్డాను. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక రైతు, కన్నడం మాట్లాడుతూ, బిల్లు మీద నంబరు వేశారో లేదో వేలు పెట్టి చూసుకుంటున్నాడు. మా కేసు సంగతి ఆయన ఎన్నడూ విని ఉండడు. కేసు ఫలం ఆయనకు దక్కింది, నాకు దక్కలేదు. ఆయన మీద కూడా నాకు కాస్త కుళ్లు పుట్టింది.

ఉత్తర్వు కాగితాలు వచ్చిన మధ్యాహ్నం ఆమె వాటిని అదే విత్తనాల కవరులో చుట్టుకుని నా ఇంటికి వచ్చింది. కవరును కమిషన్ తిరిగి ఇచ్చిందట. “సదువు టీచరమ్మా” అని గడప మీద కూర్చుంది. చదివాను. ఆమె పేరు మొదటి పేజీలో నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ మింగుడు పడకుండానే పలికాను. చివరికి వస్తుంటే ఒక చోట ఉంది: ‘పక్క చేను రైతు స్వచ్ఛందంగా ఇచ్చిన వాంగ్మూలం వల్ల ఈ ఫొటో ఫిర్యాది చేనుది కాదని రుజువైంది.’ అంతే. మూడేళ్ల కేసులో నేను అంత. పేరు కూడా కాదు.

ఆమె కాళ్లు చాపుకుని, “గా ఫొటో సూడంగనే నాకు ఎర్కయింది, గది నీ బొంగని” అంది.

“ఎర్కయితే ఎందుకు చెప్పలేదక్కా? కేసు పోతుండె గద!”

“నేనెట్ల చెప్త? చెప్తె నీ పేరు నా చేతులతోని కొట్టేసినట్టయితది. ఒక్క గెట్టు మీద బత్కేటోల్లం.”

“మరి అందరిది పోతె?”

ఆమె పెద్దగా నవ్వింది. ఆమె వెంట తెచ్చి గేటు బయట కట్టేసిన గొర్రెపిల్ల చెవులు రిక్కించింది. “ఎట్ల పోతది? నువ్వు ఆడ్నే కూసున్నవ్ గద. నీ చేనును నా చేనంటె నువ్వు ఊకుంటవా?”

చేతిలోని కాగితాలు ఒళ్లోకి జారాయి. ఇన్నేళ్లూ నా కడుపులో మంట నాకొక్కదానికే తెలుసనుకున్నాను. జానెడు కంది దగ్గర నుంచీ ఆమెకు తెలుసు. మంద ముందు నా చేన్లోకి తోలమన్న రోజు నా మొహంలో ఏం చూసిందో ఇప్పుడు తెలిసింది. వికారాబాద్‌లో అందరి ముందు తల వంచుకుని నిలబడి, మా అందరి పంటను ఆమె పందెం పెట్టింది నా కుళ్లు మీద. నా మంచితనం మీద పెట్టి ఉంటే ఓడిపోయేదే.

ఆమెకు ఏమాత్రం కోపం లేదు. అది నాకింకా పెద్ద దెబ్బ. నన్ను ఇంతగా ఎరిగి కూడా ఇంత తేలిగ్గా నవ్వగలిగే మనసు ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందని, అక్కడికక్కడే, నా గడప మీదే, నాకు మళ్లీ ఈర్ష్య కలిగింది.

“గా పక్క చేను రైతు అన్నకాడ మళ్లొక్కసారి సదువు” అంది. కాగితం ఎత్తుకుని చదివాను. ఆమె ‘పక్క చేను రైతు’ అన్న మాటను తన గొంతుతో ఒకసారి అంది. వీధి చివరి దాకా వినిపించింది.